శిశువు ప్రేవులలోని సూక్ష్మజీవులు - గ్రామ పంచాయతీ బాధ్యత

గ్రామ పంచాయతీ సమావేశములలో వీధి దీపములను గూర్చియు, మురుగు కాలువలను గూర్చియు, పన్ను బకాయీలను గూర్చియు చర్చ జరుగుట సర్వసాధారణము. గ్రామములో రెండేండ్లలోపు బిడ్డలు ఎందరు, వారు వయస్సునకు తగిన పొడవు పెరుగుచున్నారా లేదా యను ప్రశ్న మాత్రము ఆ సమావేశములలోనికి వచ్చుట అరుదు. మురుగు కాలువకును బిడ్డ పొడవునకును సంబంధము కలదని చెప్పినచో కొందరు సభ్యులు ఆశ్చర్యపడవచ్చును. ఆ సంబంధము ఎట్టిదో, దానిని గూర్చి నేటి శాస్త్రము ఏమి చెప్పుచున్నదో, అందు పంచాయతీ సభ్యులు చేయదగిన పని యేమో ఈ పాఠములో వివరింపదలచితిమి.

తార్నాకలోని విజ్ఞానశాల

హైదరాబాదు నగరమున ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణము పేరు వినని తెలుగువారు ఉండరు. పల్లెల నుండి వచ్చిన రైతుబిడ్డలు వేలాదిగా చదువుకొనిన చోటది. ఆ ఆవరణమునకు సమీపమున, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ యున్నది. మేము ఈ పాఠము వ్రాయుటకు పూర్వము ఒకనాటి ఉదయము ఆ మార్గమున నడచితిమి. ఆ రెండు సంస్థలకును ఒకే సంవత్సరమున బీజము పడినదను సంగతి అప్పుడు మాకు స్ఫురించినది. 1918లో హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినది. అదే 1918లో, నీలగిరులలోని కూనూరునందు, రాబర్ట్ మెకారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని గూర్చి పరిశోధన ప్రారంభించెను. మరలో తెల్లగా పాలిషు పట్టిన బియ్యమును మాత్రమే తినువారికి ఆ వ్యాధి వచ్చుచుండెను. తౌడుతోపాటు విటమిను కూడ పోవుటయే అందులకు కారణము.

కూనూరులోని ఆ చిన్న పరిశోధనశాల క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చెను. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ యను పేరు వచ్చినది. కంటిచూపు పోవుచున్న పిల్లలకు ఆరునెలల కొకసారి విటమిను 'ఎ' మందును పెద్ద మోతాదులో ఇచ్చు జాతీయ కార్యక్రమము 1970లో ఆరంభమగుటకు ఈ సంస్థలో జరిగిన కృషియే ఆధారము. కావున తెలుగు పల్లెలలోని పసిబిడ్డ పెరుగుదలను గూర్చి మాటలాడునపుడు తార్నాకను తలచుట సముచితము.

బిడ్డ ఎంత పెరుగవలెను?

సరిగా పెరుగు బిడ్డ పుట్టునపుడు సుమారు 50 సెంటీమీటర్ల పొడవుండును. ఏడాది నిండునప్పటికి సుమారు 75 సెంటీమీటర్లు, రెండేండ్లు నిండునప్పటికి సుమారు 87 సెంటీమీటర్లు పెరుగును. పుట్టిననాటి బరువు అయిదు నెలలకు రెండింతలును, ఏడాదికి మూడింతలును కావలెను. రెండేండ్లు వచ్చుసరికి మెదడు పెద్దవాని మెదడులో సుమారు 80 శాతము పరిమాణమునకు చేరును. ఇంత వేగముగ మానవుడు మరి యే వయస్సునందును పెరుగడు. ఈ కాలమున తప్పిన పెరుగుదలను తరువాత పూర్తిగా రాబట్టుట మిక్కిలి కష్టము.

మొలక దశలో నీరు చాలని పైరు గిడసబారుట రైతులకు తెలిసినదే. ఆ తరువాత ఎంత ఎరువు వేసినను అది తోటి పైరునందుకొనలేదు. పిల్లలును అట్లే గిడసబారుదురు. 2019 నుండి 2021 వరకు జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము అయిదేండ్లలోపు పిల్లలలో వయస్సునకు తగిన పొడవు లేనివారు తెలంగాణలో 33.1 శాతము, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతము. అనగా ప్రతి ముగ్గురు పిల్లలలో దాదాపు ఒకరు. మన కండ్ల యెదుట ఆడుకొనుచున్న పిల్లలే వీరు. అందరును పొట్టిగానే యుండుటచేత ఎవ్వరును పొట్టివారని మనకు తోచదు.

ఇందులకు తిండి చాలకపోవుటయే కారణమని చాలకాలము తలంచిరి. అది ముఖ్య కారణమే. అయితే తగినంత తిండి పెట్టినను కొందరు పిల్లలు తేరుకొనకుండుట వైద్యులు గమనించిరి. తిన్నది వంటబట్టుటలో మరియొకరి చేయి కూడ కలదని ఇటీవలి పరిశోధనలు తెలుపుచున్నవి. ఆ మరియొకరే ప్రేవులలోని సూక్ష్మజీవులు.

ప్రేవులలోని పంట

సూక్ష్మజీవి యనగానే రోగము జ్ఞప్తికి వచ్చును. కాని అన్నియు రోగకారకములు కావు. పాలను పెరుగుగా మార్చునది సూక్ష్మజీవియే. ఇడ్లీ పిండిని పొంగించునదియు అదియే. పెద్దవాని శరీరములో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా యుండునని 2016లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. వానిలో అధిక భాగము పెద్ద ప్రేవులో నివసించును. మనము అరిగించుకొనలేని పీచుపదార్థమును అవి విడగొట్టును. కొన్ని విటమినులను తయారుచేయును. ప్రేవుల గోడను కాపాడి, రోగకారకములకు చోటు లేకుండ చేయును. శరీర రక్షణశక్తికి పసితనమునందే శిక్షణ నిచ్చును.

పుట్టబోవు బిడ్డ ప్రేవులు దుక్కి దున్నిన కొత్త పొలము వంటివి. పుట్టిన గడియ నుండియు అందులో విత్తనములు పడనారంభించును. సహజ ప్రసవమున తల్లి శరీరమునుండి కొన్ని జాతులు బిడ్డకు చేరును. కోతకాన్పులో పుట్టిన బిడ్డకు ఆ మొదటి విత్తనము కొంత తగ్గి, చర్మముపైని జాతులును, ఆసుపత్రిలోని జాతులును ముందుగా చేరును. పిదప తల్లిపాలు, తిండి, నీరు, నేల, చేతులు, పశువులు అన్నియు తమ తమ విత్తనములను చేర్చుచుండును. మూడేండ్ల వయస్సు వచ్చుసరికి ఆ పంట ఇంచుమించుగా పెద్దవారి దానివలె స్థిరపడును. కావున మొదటి వెయ్యి దినములలో ఏ విత్తనము పడినది, ఏ కలుపు పెరిగినది యను ప్రశ్న ముఖ్యమగుచున్నది.

తల్లిపాలలోని వింత

తల్లిపాలలో ఒక జాతి చక్కెరలు కలవు. పాలలోని ఘనపదార్థములలో లాక్టోసు, క్రొవ్వు తరువాత వానిదే పెద్ద పాలు. చిత్రమేమనగా, వానిని బిడ్డ అరిగించుకొనలేదు. బిడ్డకు పనికిరాని పదార్థమును తల్లి శరీరము ఎందుకు తయారుచేయుచున్నది? అవి బిడ్డ కొరకు కావు. బిడ్డ ప్రేవులలోని బైఫిడో బాక్టీరియా యను మేలుచేయు జీవుల కొరకు. తల్లి ఒకేసారి బిడ్డకును, బిడ్డను కాపాడు జీవులకును భోజనము పెట్టుచున్నదన్నమాట. తల్లిపాలు త్రాగు శిశువు మలములో ఈ జీవులను పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో హెన్రీ టిసియే 1900 ప్రాంతమున గుర్తించెను. అవి ఆ చక్కెరలను పులియబెట్టి ప్రేవులలో ఆమ్లమును పుట్టించును. ఆ పులుపునకు అనేక రోగకారక జీవులు నిలువలేవు.

ఇక మన ఆచారములను పరికింతము. కొన్ని గ్రామములలో మొదటి ముర్రుపాలు చెడ్డవని పిండి పారవేయుదురు. బిడ్డకు తేనె నాకించుట, ఆముదము పోయుట, పంచదార నీళ్ళు పట్టుట, గాడిదపాలు త్రాగించుట ఇంకను అచ్చటచ్చట కనబడుచున్నవి. పెద్దలు ప్రేమతోనే ఈ పనులు చేయుదురు. కాని ముర్రుపాలలో రోగనిరోధక పదార్థములు మెండుగ నుండును. వానిని పారవేయుట విత్తనపు ధాన్యమును పారబోయుట వంటిది. ఏడాదిలోపు బిడ్డకు తేనె అపాయకరము కూడ. పుట్టిన గంటలోపల చనుబాలు పట్టవలెను; ఆరు నెలలు నిండువరకు నీరైనను ఇయ్యక తల్లిపాలు మాత్రమే ఇయ్యవలెను. పిమ్మట అన్నప్రాశనము చేసి మెత్తని ఇంటి తిండి పెట్టుచు, రెండేండ్లవరకు పాలు కొనసాగింపవలెను.

శాస్త్రజ్ఞులు ఏమి కనుగొనిరి?

సూక్ష్మజీవులు పెరుగుదలను నిజముగ మార్చునా, లేక పెరగని బిడ్డలో అవియు పెరగకున్నవా యని సభ్యులు ప్రశ్నింపవచ్చును. ఇది సరియైన ప్రశ్నయే. దీనిని తేల్చుటకు శాస్త్రజ్ఞులు ఏ సూక్ష్మజీవియు లేకుండ పెంచిన ఎలుక పిల్లలను తీసికొనిరి. 2016లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, సూక్ష్మజీవులు గల ఎలుకలకంటె సూక్ష్మజీవులు లేని ఎలుకలు తక్కువ పెరిగినవి. పోషణ తక్కువైన ఎలుక పిల్లలకు లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ జాతిలోని ఒక రకమును ఇచ్చినపుడు వాని పెరుగుదల మెరుగుపడినది. అదే సంవత్సరమున మరియొక పరిశోధనలో, ఆఫ్రికాలోని మలావీ దేశమున ఆరోగ్యవంతులగు పిల్లల ప్రేవులలోని జీవులను కొన్ని ఎలుకలకును, గిడసబారిన పిల్లల జీవులను మరికొన్ని ఎలుకలకును ఎక్కించిరి. తిండి యొకటే. అయినను రెండవ గుంపు ఎలుకలు తక్కువ పెరిగినవి.

ఇవి ఎలుకల సంగతులు. మానవ శిశువుల విషయమై మన పొరుగు రాష్ట్రమగు ఒడిశా గ్రామములలో జరిగిన పరిశోధన ప్రసిద్ధమైనది. తల్లిపాలు త్రాగు 4,556 మంది నవజాత శిశువులు అందులో పాల్గొనిరి. సగముమందికి లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ జీవులను, వానికి ఆహారమగు ఒక చక్కెరతో కలిపి, ఏడు దినములు ఇచ్చిరి. రెండు మాసములలో రక్తము విషమగు సెప్సిస్ వ్యాధియో మరణమో సంభవించిన శిశువులు, మందు ఈయని గుంపులో 9 శాతము కాగా, ఇచ్చిన గుంపులో 5.4 శాతమే. ఈ ఫలితములు 2017లో ప్రకటింపబడినవి.

ఢాకా నగరపు బస్తీలలో పోషణ లోపించిన 12 నుండి 18 నెలల వయస్సు గల బిడ్డలకు శనగపిండి, సోయాపిండి, వేరుశనగపిండి, పచ్చి అరటికాయ కలిపిన ఆహారమును మూడు మాసములు పెట్టిరి. మేలుచేయు ప్రేవుల జీవులను పోషించునట్లు ఈ పదార్థములను ఎంచిరి. వాడుకలోనున్న మరియొక పోషకాహారముకంటె ఇందు కెలోరీలు తక్కువ. అయినను బిడ్డల బరువు దీనితోనే ఎక్కువ వేగముగ పెరిగినది. ఇది 2021లో ప్రకటింపబడినది.

ఇచ్చట తార్నాకను మరల తలచుకొనవలెను. జాతీయ పోషకాహార సంస్థ వెనుకటి కాలముననే 'హైదరాబాదు మిశ్రమము' అను చవుక ఆహారమును రూపొందించినది. వేయించి పొడిచేసిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16 గ్రాములు, వేరుశనగ 10 గ్రాములు, బెల్లము 20 గ్రాములు ఇందులో చేరును. మొత్తము 86 గ్రాములలో 330 కెలోరీలును, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులును లభించును. ఢాకా ఆహారమును, మన మిశ్రమమును ఒకటి కావు. ఒకదాని ఫలితములను మరియొకదానికి అంటగట్టరాదు. కాని శనగ, వేరుశనగ రెండింటను ఉన్నవి. అవి మన చేలలో పండునవే, మన సంతలలో దొరకునవే.

ఇరువదితొమ్మిది గ్రామముల కథ

తెలుగు పల్లెలలోనే జరిగిన ఒక ప్రయోగమును పంచాయతీ సభ్యులు తప్పక తెలిసికొనవలెను. 1987 నుండి 1990 వరకు జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదు సమీపమునగల 29 గ్రామములలో దీనిని నడిపినది. 15 గ్రామములలో గర్భిణీలకును, ఆరేండ్లలోపు పిల్లలకును మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఆహారమును దినదినము పెట్టిరి. తక్కిన 14 గ్రామములకు ఆ కార్యక్రమము అప్పటికి రాలేదు. ఇది సూక్ష్మజీవులను గూర్చిన పరిశోధన కాదు; ఆహారమును గూర్చినది.

సుమారు పదునైదేండ్ల తరువాత పరిశోధకులు మరల ఆ గ్రామములకు పోయి, అప్పటికి 13 నుండి 18 ఏండ్ల వయస్సుకు వచ్చిన 1,165 మందిని కొలిచిరి. చిన్నతనమున ఆహారము పెట్టిన గ్రామములవారు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవుండిరి. మధుమేహమునకును, గుండెజబ్బునకును దారితీయు కొన్ని లక్షణములు వారిలో తక్కువగ కనబడినవి. ఈ ఫలితములు 2008లో ప్రకటింపబడినవి. పదునాలుగు మిల్లీమీటర్లు స్వల్పమే యని తోచవచ్చును. కాని అది ఒక్క బిడ్డ లెక్క కాదు, ఊళ్ళ సగటు. పసితనమున పెట్టిన పిడికెడు తిండి యౌవనము వరకు శరీరమున నిలిచియుండెనని దీని యర్థము.

మురుగు కాలువ సంగతి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ప్రాకు వయస్సులోని బిడ్డ నేలపై దొరికినదెల్ల నోటబెట్టుకొనును. వాకిట కోళ్ళ పెంట, పశువుల పేడ, పిల్లల మలము, పొంగిన మురుగు ఉన్నయెడల, బిడ్డ దినమునకు పలుమార్లు చెడ్డ జీవులను మ్రింగును. చిన్న ప్రేవు లోపలి గోడపై వ్రేళ్ళవంటి సన్నని మొలకలు లక్షలుగ నుండి ఆహారసారమును పీల్చుకొనును. చెడ్డ జీవుల తాకిడి నిత్యమును కలిగినచో ఆ మొలకలు అరిగి పొట్టివగును; ప్రేవుల గోడ చిల్లులు పడిన గోనెసంచివలె అగును. బిడ్డకు విరేచనములు కాకపోవచ్చును, జ్వరము రాకపోవచ్చును. అయినను తిన్నది వంటబట్టదు. శరీరము తన శక్తిని పెరుగుటకు గాక పోరాటమునకు వెచ్చించును.

అట్లైనచో మరుగుదొడ్లు కట్టించిన చాలునా? బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వే దేశములలో జరిగిన పెద్ద పరిశోధనలు 2018, 2019 సంవత్సరములలో ఇందులకు ఒక హెచ్చరిక చేసినవి. మరుగుదొడ్లు, చేతుల శుభ్రత, నీటి శుద్ధి వీనిని మాత్రమే ఏర్పరచిన ఇండ్లలో పిల్లల పొడవు పెరుగలేదు. అదనపు ఆహారమును, తల్లులకు సలహాలును ఇచ్చినచోట కొంత పెరిగినది. దీనినిబట్టి పారిశుధ్యము వ్యర్థమని తలపరాదు. బంగ్లాదేశ్‌లో విరేచనములు తగ్గినవి. అరకొర పారిశుధ్యము చాలదనియు, తిండి లేని శుభ్రత పెరుగుదల నీయదనియు గ్రహింపవలెను. రెండు ఎడ్లును కలసి లాగిననే బండి కదలును.

పంచాయతీ చేయదగిన పనులు

రాజ్యాంగపు 73వ సవరణతో ఏర్పడిన పదునొకండవ షెడ్యూలులో త్రాగునీరు, ఆరోగ్యము - పారిశుధ్యము, స్త్రీ శిశు అభివృద్ధి అను విషయములు పంచాయతీలకు అప్పగింపదగినవిగ చేర్చబడినవి. కావున ఈ క్రింది పనులు పరుల పనులు కావు.

ఒకటి. అంగన్‌వాడీ కేంద్రములో బరువు తూచు యంత్రమును, పొడవు కొలుచు బల్లయును సరిగా పనిచేయుచున్నవో లేదో నెలకొకసారి చూడవలెను. పొడవు కొలువని ఊరిలో గిడసబారిన బిడ్డ కనబడడు.

రెండు. అంగన్‌వాడీకి వచ్చు గ్రుడ్లు, పాలు, పప్పులు, పిల్లల పిండి తూకము తప్పక అందుచున్నవా, తడిసి పురుగుపట్టకున్నవా యని విచారింపవలెను. ఇంటికిచ్చిన పిండి పసిబిడ్డ నోటికే చేరుచున్నదా యని తల్లుల నడుగవలెను.

మూడు. బిడ్డలు ఆడుకొను తావులందు మురుగు నిలువకుండ చేయవలెను. కోళ్ళను, పశువులను ప్రాకు బిడ్డలకు దూరముగ కట్టునట్లు బోధింపవలెను. పసిబిడ్డ మలము హానిలేనిదను నమ్మకము తప్పు; దానినికూడ మరుగుదొడ్డిలోనే వేయవలెను. త్రాగునీటి గొట్టము మురుగుకాలువలో నుండి పోవుచున్నచో మొదట దానినే మార్పవలెను.

నాలుగు. చిన్న జలుబునకెల్ల పసివారికి యాంటీబయాటిక్ మందులు ఇప్పించు అలవాటును మాన్పింపవలెను. ఆ మందు కలుపుతోపాటు పైరునుకూడ చంపును. నిజముగ అవసరమైనపుడు అది ప్రాణము నిలుపును. ఆ యవసరమును వైద్యుడు నిర్ణయింపవలెను గాని మందుల కొట్టువాడు కాదు.

అయిదు. ముందు చెప్పిన సర్వే ప్రకారము కోతకాన్పులు దేశమున 21.5 శాతము కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతము, తెలంగాణలో 60.7 శాతము. తల్లీబిడ్డల ప్రాణరక్షణకు చేయు కోత వరప్రసాదము. దానిని నిందింపరాదు. కాని ముహూర్తము చూచి చేయించు కోతవలన మేలు లేదు. కోతకాన్పు జరిగిన తల్లియు వెంటనే పాలు పట్టగలదు. అట్లు పట్టినచో తగ్గిన మేలిజీవులు చాలవరకు మరల చేరును. ఆశా కార్యకర్తయు, కుటుంబపు పెద్దలును ఆమెకు అండగ నిలువవలెను.

ఇక ఒక జాగ్రత్త. మేలుచేయు జీవుల పేరుతో అంగళ్ళలో అనేక పొడులును, గొట్టములును అమ్ముచున్నారు. ఒడిశాలో వాడినది పరీక్షించి ఎంచిన ఒక ప్రత్యేకమగు రకము. అన్ని పొడులును అట్టివి కావు. వైద్యుని సలహా లేక పసిబిడ్డకు వానిని పట్టరాదు. ఆరు నెలలు దాటిన బిడ్డకు ఇంటి పెరుగన్నము మంచి ఆహారమే. దానిని సర్వరోగనివారిణిగ మాత్రము భావింపరాదు.

చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామమున రెండేండ్లలోపు బిడ్డలు ఎందరు? వారిలో గడచిన నెలలో పొడవు కొలువబడినవారెందరు?

2. ఈ సంవత్సరము పుట్టిన బిడ్డలలో గంటలోపల ముర్రుపాలు త్రాగినవారెందరు? త్రాగనివారికి కారణమేమి?

3. అంగన్‌వాడీ చుట్టును, త్రాగునీటి కుళాయిల చుట్టును మురుగు నిలుచు తావులేవి? వానిని బాగుచేయు బాధ్యత ఏ సభ్యునిది, ఏ తేదీలోపల?

ఈ మూడు ప్రశ్నలకు సమాధానములను వచ్చు సమావేశపు పుస్తకములో వ్రాయించుడని సభ్యులను కోరుచున్నాము. తార్నాకలోను, ఇతర దేశములలోను విద్వాంసులు సూక్ష్మదర్శినితో చూచి చెప్పిన సంగతులు గ్రామమునకు చేరి కాలువయై, గ్రుడ్డై, గంటలోపల పట్టిన పాలై మారినపుడే వానికి సార్థకత. పదునైదేండ్లకు మన ఊరి బడి వాకిట నిలుచు పిల్లల పొడవు, నేడు మనము చేయు తీర్మానములపై ఆధారపడియున్నది. మొలక దశలో గిడసబారిన పైరు తరువాత ఎంత నీరు పెట్టినను పూర్తిగా తేరుకొనుట కష్టమని రైతు ఎరుగును. పంచాయతీయు ఎరుగవలెను.